యాక్సిలరేటర్ వైరు తెగిన శనివారం

మా ఆయన ఉద్యోగం కౌంటీ రోడ్ల శాఖలో. వారంలో ఐదు రోజులు ఎడారిలో రోడ్లు ఎక్కడెక్కడ వేయాలో కాగితాల మీద గీతలు గీసేవాడు. ఆరో రోజు ఆ రోడ్లేవీ లేని చోటు వెతుక్కుంటూ వెళ్ళి అక్కడ బండి తోలేవాడు. ఏడో రోజు ఆదివారం. ఆ రోజు నాతో పాటు లాస్ ఏంజిలస్ దాకా వచ్చి, తెలుగువాళ్ళ ప్రార్థన కూటంలో వెనక వరస చూసుకుని కూర్చుని, కళ్ళు మూసుకునేవాడు. ప్రార్థనలో ఉన్నాడని అందరూ అనుకునేవాళ్ళు. గురక వస్తే నేను మోచేత్తో పొడిచేదాన్ని.

ఇది ఎనభైల మొదట్లో సంగతి. నేను గుంటూరులో నర్సింగ్ చదువుకుని, కాలిఫోర్నియా ఎడారి అంచున ఉన్న ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చాను. వీసా నాది. ఆయన నా వెనకాల వచ్చాడు. ఈ విషయం ఎవరైనా ఎత్తిపొడుపుగా అడిగితే, "అవునండీ, మా ఆవిడ రెండు సూట్‌కేసులూ, నన్నూ తెచ్చుకుంది. సూట్‌కేసులు ఎప్పుడో పాడైపోయాయి" అని నవ్వేవాడు.

నాకు ఎక్కువగా నైట్ షిఫ్టులు పడేవి. పొద్దున నేను ఇంటికొచ్చేసరికి ఆయన టిఫిన్ బాక్సు పట్టుకుని గుమ్మం దిగుతుండేవాడు. ఆయన తిరిగొచ్చేసరికి నేను యూనిఫామ్ ఇస్త్రీ చేసుకుంటుండేదాన్ని. మా సంసారంలో మాటలు చాలావరకు గుమ్మం దగ్గరే జరిగేవి.

పగలు నేను పడుకునే గది పక్కింటి గ్యారేజీని ఆనుకుని ఉండేది. ఆ ఇంటాయన స్కూలు బస్సు నడిపేవాడు. గుమ్మంలోంచి వంగితే తప్ప లోపలికి రాలేనంత పొడుగు, ఆ పొడుగుకి తగిన బొజ్జ. సెలవు రోజుల్లో గ్యారేజీలో ఇనప గొట్టాలు కోసేవాడు, అతికేవాడు, సుత్తితో కొట్టేవాడు. ఒక శనివారం నిద్రపట్టక నేను ఏడుపు మొహం పెడితే, మా ఆయనకి పౌరుషం వచ్చింది. "ఉండు, నేను వెళ్ళి ఆ చప్పుడు సంగతి తేలుస్తాను" అని చొక్కా వేసుకుని వెళ్ళాడు. మధ్యాహ్నం దాటినా రాలేదు. చప్పుడు మాత్రం రెట్టింపైంది.

సాయంత్రం మోచేతులదాకా గ్రీజు పూసుకుని వచ్చి, "ఆయన చాలా మంచోడే. బండి తయారు చేస్తున్నాడు" అన్నాడు.

ఆ బండిని వాళ్ళు బగ్గీ అనేవాళ్ళు. ఎడారిలో ఇసుకలోనూ రాళ్ళలోనూ పందేలు తోలడానికి కట్టే బండి. నులకమంచానికి నులక ఊడదీసి, దాన్ని పంజరంలా వంచి, నాలుగు చక్రాలు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉండేది. తలుపులు లేవు, అద్దాలు లేవు, పైకప్పు లేదు. ఒక పాత చిన్న కారు ఇంజిను వెనక భాగంలో కూర్చోబెట్టారు. దాని ముందు రెండు సీట్లు. అంతే. ఇంత ఇనుములో మనిషికి ఎండ తగలకుండా దాచే చోటు అరచెయ్యంత కూడా లేదు.

ఏడాది తిరిగేసరికి మా ఆయన అందులో సగం యజమాని అయ్యాడు. రేసుల్లో ఆయన డ్రైవ్ చేసేవాడు, పక్కింటాయన పక్క సీట్లో కూర్చుని దారి చూసేవాడు. రెండు రేసులకి వెళ్ళారు. రెండుసార్లూ బండి ఇంకొకళ్ళ ట్రక్కు మీద ఇంటికొచ్చింది.

మూడో రేసు శనివారం అనగా, గురువారం సాయంత్రం పక్కింటాయన స్పేర్ టైరు ఎత్తబోయి కెవ్వుమన్నాడు. నేను పరుగెత్తాను. మనిషి గ్యారేజీ నేల మీద వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మంచం మీదికి చేర్చి, ఒక్కో కాలూ ఎత్తించి చూశాను. నడుం పట్టేసింది, కండరం గట్టిగానే దెబ్బతింది.

"రెండు వారాలు బెడ్ రెస్ట్. ఈ రేసు మాట మర్చిపోండి. ఆ బండెక్కి ఎగిరితే తర్వాత మీ నడుం మీ మాట వినదు" అని నర్సు గొంతుతో చెప్పాను. ఆ గొంతుకి డాక్టర్లు కూడా ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

ఆయన పాపం గోడవైపు తిరిగి పడుకున్నాడు. నా పని అయిపోయిందనుకుని లేచాను. చూస్తే మంచం కాళ్ళ దగ్గర మా ఆయన నిలబడి నావైపే చూస్తున్నాడు. కొత్త టైరు కొనేముందు చూసే చూపు.

"ఏంటి అలా చూస్తున్నారు?"

"పక్క సీట్లో మనిషి లేకపోతే రేసులోకి రానివ్వరే."

"అయితే మానేయండి."

"పేరిచ్చేశాం కదా."

"మీ ఆఫీసులో ఎవర్నైనా పిలవండి."

"నువ్వయితే బరువు తక్కువ. బండి బాగా లాగుద్ది" అన్నాడు, నాకు పొగడ్తలా వినిపిస్తుందని కాబోలు.

పక్కింటాయన గోడవైపు తిరిగే, "పైగా నర్సు. ఏదన్నా విరిగితే అక్కడే కట్టు కట్టేస్తుంది" అన్నాడు.

ఆయన భార్య బ్యూటీ పార్లర్‌లో జుట్టు కత్తిరించేది. దేనికీ కంగారు పడని మనిషి. గుమ్మానికి ఆనుకుని కాఫీ తాగుతూ, "హనీ, వీళ్ళిద్దర్లో ఎవరికన్నా నీకే బుద్ధి ఎక్కువ. నువ్వు కూర్చుంటే కనీసం బండి ఎటు పోతుందో ఒకళ్ళకి తెలుస్తుంది" అంది. అంటే ఆమె కూడా ఆ జట్టులో మనిషే.

నేను ఒప్పుకున్నానని ఎప్పుడూ అనలేదు. శనివారం పొద్దున మాత్రం ఎడారిలో ఉన్నాను.

నాకు దుస్తులతో పెద్ద చిక్కు వచ్చింది. ఆసుపత్రికి తెల్ల యూనిఫామ్, ఇంట్లో చీర, ప్రార్థన కూటానికి ఇంకో చీర. ఎడారి బండికి ఏదీ పనికిరాదు. మా ఆయన మందపాటి పాత ప్యాంటు ఒకటి వేసుకున్నాను. నడుం దగ్గర ఇంకో మనిషికి చోటుంది. బెల్టు పెడితే దాని బకిల్ సీటు బెల్టు కింద పొట్టలో గుచ్చుకుంటుందని, నా లంగా బొందు ఒకటి తీసి ప్యాంటుకి దోపి బిగించి ముడేశాను. తల మీద హెల్మెట్, కళ్ళకి గాగుల్స్, ముక్కుకి చేతిరుమాలు. ఆ వేషంలో మా అమ్మ చూసినా, "ఎవరు బాబూ నువ్వు?" అనేది.

నా పని దారి చూడడం. పొదల కొమ్మలకి అక్కడక్కడా నారింజ రంగు రిబ్బన్లు కట్టి ఉంచుతారు. అవి వెతికి, "కుడి", "ఎడమ" అని అరవాలి. బళ్ళను ఒకదాని తర్వాత ఒకటి వదిలారు. మా వంతు రాగానే జెండా ఊగింది, మా ఆయన కాలు నొక్కాడు. నా పొట్ట జెండా దగ్గరే ఉండిపోయింది.

ఆ తర్వాత కాసేపు నాకు ఏమీ కనపడలేదు. ముందు బండి లేపిన దుమ్ములో మేము, మా దుమ్ములో వెనక బండి. బండి గుంతలో పడి లేచినప్పుడల్లా నా పళ్ళు టకటకా కొట్టుకునేవి. నాకొచ్చిన ప్రార్థనలన్నీ చేసేశాను. తర్వాత దేవుడితో మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టాను.

"రిబ్బనేదీ?" అని అరిచాడు మా ఆయన.

"కళ్ళు మూసుకున్నాను!"

"తెరువు!"

తెరిచాను. నిజం చెప్పాలంటే, తెరిచాకే కొంచెం నయమనిపించింది. దూరంగా గోధుమ రంగు కొండలు, మధ్యలో ఎండిపోయిన వాగులు, పొదలు. రిబ్బన్లు కనపడటం మొదలయ్యాయి. "కుడి, కుడి, మీ కుడి కాదు, అసలు కుడి" అని అరుస్తూ పోయాను. బానే సాగుతోంది అనుకుంటున్నాను. ఒక ఇసుక వాగులోంచి ఒడ్డు ఎక్కుతుండగా, సగంలో టప్‌మని చిన్న చప్పుడైంది. అంత పెద్ద ఇంజిను రొదలో ఆ చిన్న చప్పుడు ఎలా వినిపించిందో తెలియదు. బండి ఊపు పోయింది. మెల్లిగా వెనక్కి జారి వాగులోకే వచ్చి ఆగింది.

ఇంజిను ఆగలేదు. టకటకటక అని నెమ్మదిగా తిరుగుతోంది. మా ఆయన యాక్సిలరేటర్ తొక్కుతున్నాడు, తొక్కుతున్నాడు. పెడల్ నేలకి అతుక్కుపోయి ఉంది.

దిగి వెనక్కి వెళ్ళాడు. నన్ను చేత్తో పెడల్ కదపమన్నాడు. కదిపాను.

"కదిపావా?"

"కదుపుతూనే ఉన్నా."

"ఇక్కడేం కదలట్లేదు." ఇంకా వంగి చూసి, "యాక్సిలరేటర్ వైరు తెగింది" అన్నాడు.

పెడల్ దగ్గర్నుంచి బండి కడుపులోంచి వెనక ఇంజినుదాకా ఒక సన్నటి ఇనప వైరు పోతుంది. ఆ చివర కార్బురేటర్‌కి వేలెడంత మీట. వైరు లాగితే మీట ముందుకొస్తుంది, ఇంజిను గట్టిగా తిరుగుతుంది. వదిలితే స్ప్రింగు మీటని వెనక్కి లాగేస్తుంది. మధ్యలో వైరు తెగింది కాబట్టి ఇప్పుడు మా ఆయన పాదం ఎంత తొక్కినా ఆ కబురు ఇంజినుకి అందదు.

మా ఆయన కంగారు పడలేదు. సీటు వెనక రేకు పెట్టె తెరుస్తూ, "ఇలాంటిదేదో అవుద్దని నాకు తెలుసు. స్పేర్ వైరు పెట్టుకునే వచ్చా" అన్నాడు. చుట్ట చుట్టిన వైరు బయటికి తీశాడు. మొహంలో వెలుగు ఒక్క క్షణం ఉండి పోయింది.

"ఏమైంది?"

"ఇది క్లచ్ వైరు."

"అయితే?"

"తెగింది యాక్సిలరేటర్ వైరు."

"మరి క్లచ్ వైరెందుకు తెచ్చారు?"

"క్లచ్ వైరు తెగితే పనికొస్తుందని."

ఆ వైరు పెన్సిలంత లావు. దాన్ని అటూ ఇటూ వంచబోయాడు, అది తిరగబడి ఆయన చెంప మీద ఒకటిచ్చింది.

మొదటి ఉపాయం ఆయనదే. మీట కొంచెం ముందుకి లాగి, అక్కడే ఆగిపోయేలా వెనకాల ఒక పుల్ల దోపుదామన్నాడు. ఎండిన పొదలోంచి పుల్ల విరిచి దోపాడు. ఇంజిను ఒక్కసారి గర్జించింది. ఆయన పరుగెత్తుకొచ్చి సీట్లో పడి గేరు వేశాడు. బండి ఉరికింది. ఒడ్డయితే ఎక్కింది కానీ, ఎక్కాక నెమ్మదించే మార్గం లేదు. క్లచ్ తొక్కితే ఇంజిను ఇంకా అరుస్తుంది. ఎదురుగా ఒక పొద, దాన్ని దాటుకుని వెళ్ళాం. ఇంకో పొద, దాన్ని దాటలేదు. తాళం తిప్పి ఇంజిను ఆపేసరికి ముందు చక్రాలు పొదలో, నా ఒళ్ళో సగం పొద.

"రిబ్బనేదన్నా కనపడుతోందా?" అన్నాడు.

నేను ముళ్ళు ఏరుకుంటున్నాను.

రెండో ఉపాయం కూడా ఆయనదే. బూటు లేసు విప్పి మీటకి కట్టాడు. ఆ లేసు చివర పట్టుకుని నేను సీట్లోంచి లాగాలి. ఆలోచన మంచిదే. లేసు మాత్రం నైలాన్‌ది. నేను లాగగానే అది వేడి ఇంజినుకి తగిలి, వెంట్రుకలు కాలిన వాసనతో కరిగి రెండు ముక్కలైంది. ఆయన లేసు లేని బూటుతో రాయి మీద కూర్చున్నాడు. మొదటిసారి ఆయన భుజాలు వాలిపోయాయి.

"పోనీలే. సాయంత్రానికి ఎవరో ఒకరు వచ్చి లాక్కెళ్తారు" అన్నాడు.

నిజానికి నేను కోరుకున్నది అదే కదా! ఇంటికి పోవచ్చు, స్నానం చేయొచ్చు, పడుకోవచ్చు. కానీ ఆయన్ని ఆ రాయి మీద అలా చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు. ఆ వేలెడంత మీట మీద. దాన్ని లాగడానికి కావలసింది ఏమిటి? సన్నగా ఉండాలి, గట్టిగా ఉండాలి, కరగకూడదు. నూలుది అయితే కరగదు.

"అటు తిరగండి" అన్నాను.

"ఎందుకు?"

"తిరగమన్నానా!"

"ఈ చుట్టుపక్కల ఎక్కడా పురుగన్నది లేదు. ఉన్నది నేనొక్కణ్ణి."

"అందుకే మిమ్మల్నే తిరగమంటున్నా."

తిరిగాడు. నేను బొందు ముడి విప్పి బయటికి లాగుతున్నాను. సరిగ్గా అప్పుడే వాగులోంచి రొద చేసుకుంటూ ఇంకో బగ్గీ పైకొచ్చింది. మా పక్కనే నెమ్మదించింది. లోపల ఇద్దరు మగవాళ్ళు, దుమ్ములో ముంచి తీసినట్టున్నారు. నేను ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, ఇంకో చేత్తో బొందు వేలాడదీసుకుని నిలబడ్డాను. మా ఆయన నాకు వీపు చూపించి, చేతులు కట్టుకుని, కొండల్ని చూస్తున్నాడు.

"అంతా ఓకేనా? ఏమైనా కావాలా?" అని వాళ్ళు ఇంగ్లీషులో అరిచారు.

మా ఆయన తల తిప్పకుండానే చెయ్యెత్తి, "నో థాంక్స్! మై వైఫ్ ఈజ్ ఫిక్సింగ్ ఇట్!" అన్నాడు.

వాళ్ళు నన్నూ, ప్యాంటునీ, బొందునీ చూసి, ఇంకో మాట లేకుండా వెళ్ళిపోయారు. వాళ్ళ దుమ్ము కొండ మలుపు తిరిగాక మా ఆయన నెమ్మదిగా ఇటు తిరిగాడు.

"వాళ్ళనడిగితే స్పేర్ వైరు ఇచ్చేవాళ్ళేమో కదా?" అన్నాడు.

బొందు మీటకి ఆయన కట్టిన ముడి రెండుసార్లు ఊడిపోయింది. మూడోసారి నేను కట్టాను. ఆపరేషన్ థియేటర్‌లో పని చేసినదాన్ని, ముడి వేయడం నాకు రాకపోతే ఎవరికొస్తుంది? వేడి భాగాలకి తగలకుండా పైనుంచి తెచ్చి, రెండు సీట్ల మధ్యనుంచి ముందుకి లాగి, చివర నా ఎడమ చేతికి చుట్టుకున్నాను. ప్యాంటు సంగతి దేవుడికి వదిలేశాను. సీటు బెల్టు బిగించుకుంటే దాని మానాన అది కదలకుండా ఉంది.

అలా మా బండికి ఇద్దరు డ్రైవర్లయ్యారు. స్టీరింగూ క్లచ్చూ గేర్లూ బ్రేకూ ఆయనవి. వేగం నాది.

"ఇవ్వు!" అన్నాడు.

లాగాను. బండి కదిలింది.

"ఇంకొంచెం!"

లాగాను.

"చాలు!"

ఇక్కడొచ్చింది చిక్కు. నేను పుట్టి పెరిగిన ఇంట్లో వడ్డించేటప్పుడు ఎవరైనా "చాలు" అంటే, ఇంకో గరిటె వేయమని అర్థం. మొదటి చాలు మొహమాటానికి అంటారు. రెండో చాలు కూడా నమ్మకూడదు. విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితేనే నిజమైన చాలు. పదేళ్ళ వయసునుంచీ నా చేతికి అదే అలవాటు. ఆయన "చాలు" అనగానే నా చెయ్యి తనంతట తను ఇంకాస్త లాగింది.

"చాలు! చాలు!"

ఇంకాస్త లాగాను.

బండి ఒక దిబ్బ మీంచి లేచింది. నాలుగు చక్రాలూ గాల్లో ఉన్నాయని చక్రాల కింద గడగడ ఆగిపోవడంతో తెలిసింది. తర్వాత నేల వచ్చి మమ్మల్ని కొట్టింది. ఆయన బ్రేకు మీద నిలబడ్డాడు.

"చాలంటే ఆపమని!"

"చాలంటే చాలని ఎవరంటారండీ?"

"నేనంటాను!"

"మరి మొన్న మా పిన్నిగారింట్లో చాలు చాలంటూ మూడుసార్లు బిర్యానీ పెట్టించుకున్నారుగా?"

"అది బిర్యానీ!"

అక్కడే, ఎండలో బండి ఆపుకుని, ఒప్పందం చేసుకున్నాం. చాలు అనే మాట వాడకూడదు. "లాగు" అంటే లాగాలి, "వదులు" అంటే వదలాలి. ఈ రెండు మాటలే. మూడోది ఎవరు మాట్లాడినా తప్పు.

మొదట్లో బండికి ఎక్కిళ్ళు వచ్చినట్టుండేది. ఆయన గేరు మార్చడానికి క్లచ్ తొక్కిన క్షణంలోనే నేను వదలాలి, గేరు పడగానే లాగాలి. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే ఇంజిను గావుకేక పెట్టేది, లేకపోతే దగ్గి ఆగిపోయేది. ఆయన తిట్టేవాడు, నేను తిట్టేదాన్ని. మా ఇద్దరికీ అన్ని తిట్లు వచ్చని అప్పటిదాకా ఒకరికొకరికి తెలియదు.

ఎప్పుడు కుదిరిందో చెప్పలేను. ఒక పొడవాటి ఎండిన సరస్సు వచ్చింది, నేల పలకలా ఉంది. అది దాటాక చూసుకుంటే, ఆయన కాసేపటినుంచీ ఏమీ అరవలేదు. నేను ఆయన ఎడమ మోకాలు చూస్తున్నాను. అది క్లచ్ మీదికి లేస్తే వదులుతున్నాను, కిందికి దిగితే లాగుతున్నాను. ఎదురుగా నేలని కూడా చూస్తున్నాను. రాళ్ళొస్తే సన్నగా, ఇసుకొస్తే గట్టిగా. ఇసుకలో నెమ్మదిస్తే కూరుకుపోతామని నాకు ఎవరూ చెప్పలేదు, చేతికి తెలిసింది. ఒక మలుపులో ఆయన "వదులు" అంటే నేను వదల్లేదు. నా వైపునుంచి అవతల ఇసుక కనపడుతోంది. వదిలుంటే అందులో దిగబడేవాళ్ళం. ఆయన నావైపు చూశాడు. గాగుల్స్ వెనక ఏముందో తెలియలేదు కానీ, ఆ మలుపు తర్వాత మాత్రం "వదులు" అనేముందు కొంచెం ఆలోచించేవాడు.

సగం దారిలో బళ్ళు ఆగి పెట్రోలు పోసుకునే చోటుంది. అక్కడ మాకోసం పక్కింటివాళ్ళ పికప్ ట్రక్కు ఉంది. దాని వెనక భాగంలో పరుపు, పరుపు మీద వెల్లకిలా పక్కింటాయన, ఆయన మొహం మీద గొడుగు.

నాకు ముందు నర్సు గొంతే వచ్చింది. "మిమ్మల్ని కదలొద్దని చెప్పానా లేదా?"

"నేను కదల్లేదు. ట్రక్కు కదిలింది" అన్నాడు.

ఆయన భార్య పెట్రోలు పోస్తూ బొందుని ఆసాంతం చూసింది. మీట దగ్గర్నుంచి నా చేతిదాకా. అక్కడ బళ్ళను తనిఖీ చేసే ముసలాయన వచ్చి, "మీలో డ్రైవ్ చేస్తున్నది ఎవరు?" అని అడిగాడు.

"నేను" అన్నాం ఇద్దరం.

ఆయన టోపీ తీసి తల గోక్కుని, బ్రేకు పని చేస్తే తనకి అభ్యంతరం లేదని వెళ్ళిపోయాడు.

ఇంతలో పరుపు మీంచి పక్కింటాయన, "నా తలకింద పెట్టెలో అసలైన యాక్సిలరేటర్ వైరుంది" అన్నాడు.

మా ఆయన మొహం విప్పారింది. "ఇచ్చెయ్! ఎంతసేపు, బిగించేస్తా."

"వద్దు" అన్నాను.

ముగ్గురూ నావైపు చూశారు.

"వద్దంటే ఏందే?"

"ఎంతసేపు అని మీరన్న పని ఏదీ రెండు గంటల్లోపు అవ్వలేదు. సాయంత్రం రేసు దారి మూసేసేలోపు చేరాలి కదా? పదండి."

నేను చెప్పిన కారణం అబద్ధం కాదు. కానీ అసలు కారణం అది కాదు. పొద్దున ఆ బండెక్కినప్పుడు నేను ఒక సామానుని, బరువు తక్కువని ఎక్కించుకున్నారు. ఇప్పుడు బండి నా చేత్తో పోతోంది. మళ్ళీ ఆయన పాదం కిందికి ఇచ్చేయడానికి నాకు మనసు రాలేదు.

మా ఆయన నోరు తెరిచాడు. పక్కింటావిడ పెట్రోలు డబ్బా మూత బిగిస్తూ, "లేటవుతోంది, ఎక్కు" అంది ఆయనతో. ఎక్కాడు.

మిగతా సగం బాగా నడిపాం. గొప్పగా అనను. ఒకచోట ఇంజిను ఆగింది. ఒకచోట రిబ్బన్లు చూడటం మర్చిపోయి వేరే లోయలోకి పోయి తిరిగొచ్చాం. దారి చూడాల్సినదాన్ని కూడా నేనే కదా, ఆ గుర్తు ఇద్దరికీ లేదు. నా చెయ్యి వాచి, బొందు చర్మంలోకి దిగింది. చివరికి దూరంగా జెండాలు, జనం కనపడ్డారు.

"లాగు!" అని అరిచాడు. ఆయన అరవకముందే లాగాను.

గీత దాటాం. జనం చప్పట్లు కొడుతున్నారు. "వదులు!" అన్నాడు. చేతికున్న చుట్టు విప్పి వదిలాను. బండి ఆగలేదు. వదులైన బొందు గాలికి ఎగిరి ఇంజిను బెల్టులో పడింది. బెల్టు దాన్ని చుట్టుకుంటూ మీటని తనే లాగడం మొదలుపెట్టింది. బండి గీత దాటి, జెండా పట్టుకున్నవాణ్ణి దాటి, పార్క్ చేసిన కార్ల మధ్యనుంచి, మడత కుర్చీల పక్కనుంచి, హాట్‌డాగ్‌లు కాలుస్తున్న వాళ్ళని చెదరగొట్టుకుంటూ పోయింది. మా ఆయన తాళం తిప్పేసరికి, మేము జనానికి చాలా దూరంగా, మరుగుదొడ్డి డబ్బాల వరస ముందు ఆగాం.

అందరూ పరుగెత్తుకొచ్చారు. దిగమంటున్నారు. భుజం తట్టాలనుకుంటున్నారు. నేను సీటు బెల్టు గట్టిగా పట్టుకుని, "నేను బానే ఉన్నాను, ఇక్కడే కూర్చుంటాను" అంటున్నాను. దెబ్బ తగిలిందేమోనని ఎవరో స్ట్రెచర్ తెమ్మన్నారు. పక్కింటావిడ జనాన్ని తోసుకుని వచ్చి, నా మొహం చూసి, వంగి నా చెవిలో, "ప్యాంటా?" అంది. తల ఊపాను. తన ఏప్రన్ జేబులోంచి పెద్ద పిన్నీసు తీసి నా చేతిలో పెట్టింది. జుట్టు కత్తిరించేవాళ్ళ దగ్గర లేనిది ఉండదు.

మేము ఆఖరివాళ్ళం కాదు. మా వెనక ఇంకో బండి కూడా వచ్చింది, ట్రక్కు మీద.

మర్నాడు ఆదివారం. ఒళ్ళు కదల్చలేకపోయినా ప్రార్థన కూటానికి వెళ్ళాం. నా ఎడమ చేతికి కట్టు. ఆరాధన అయ్యాక సాక్ష్యాలు చెప్పే సమయంలో, ఎప్పుడూ వెనక వరసలో నిద్రపోయే మా ఆయన లేచి నిలబడ్డాడు. దేవుడు ఎడారిలో మమ్మల్ని ఎలా కాపాడాడో చెప్పడం మొదలుపెట్టాడు. వైరు తెగింది. పుల్ల పొదలో పడేసింది. లేసు కరిగింది. అందరూ ముందుకి వంగి వింటున్నారు. "అప్పుడు మా ఆవిడకి ఒక ఆలోచన వచ్చింది..." అని, ఆ ఆలోచన ఏమిటో గుర్తొచ్చి ఆగిపోయాడు. నావైపు చూశాడు. నేను చీర కొంగు అంచు చూస్తున్నాను.

"ఒక... దారం దొరికింది" అన్నాడు.

ముందు వరసలో ఉన్న పాస్టరు పెద్దయ్యగారి భార్య ఆశ్చర్యపోయి, "ఎడారిలో దారం ఎక్కడ దొరికింది నాయనా?" అంది.

"దేవుడు సమకూర్చాడండీ" అని కూర్చున్నాడు. "ఆమెన్" అన్నారు అందరూ. మా పక్కన కూర్చున్న పిన్నిగారు మాత్రం నా చేతి కట్టు వంకా, నా మొహం వంకా చూసి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికెళ్ళేలోపు ఆడవాళ్ళందరికీ తెలిసిపోయింది.

ఆ తర్వాతి రేసుకి నన్నెవరూ బతిమాలలేదు. నేనే వస్తానన్నాను. నా కొలతకి ఓవరాల్స్ కుట్టించుకున్నాను. కొత్త వైరు బిగించారు, రేకు పెట్టెలో అన్ని రకాల వైర్లూ పెట్టారు. ఆసారి ఏ వైరూ తెగలేదు. బయలుదేరిన కాసేపటికే గేర్‌బాక్స్ లోపల ఏదో పగిలి, బండి నిలబడిపోయింది. అది అక్కడ చేసే పని కాదు. ట్రక్కు వచ్చేదాకా చెయ్యగలిగింది ఏమీ లేదు.

చక్రాల పక్క నీడలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర తిన్నాం. ట్రక్కు సాయంత్రానికి గానీ రాలేదు. అప్పటిదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. షిఫ్టుకి పోవాల్సిన తొందర లేదు, ఆఫీసుకి టైమైపోతోందని ఎవరూ లేవలేదు. ఏమేం మాట్లాడుకున్నామో నాకు ఒక్కటీ గుర్తులేదు. మా ఆయన మాత్రం తనకి అన్నీ గుర్తున్నాయంటాడు. అయితే చెప్పండి చూద్దాం అంటే, ఇంకో కప్పు కాఫీ ఇస్తే చెప్తానంటాడు. కాఫీ తాగేసి పేపరు తీస్తాడు.